తెలియక చేసిన తప్పు, తెలిసి చేసిన తప్పు



మాది కళింగపట్నం, వంశధార సముద్రంలో కలిసే చోటు. 1980లలో, నా చిన్నతనంలో, రోజూ పొద్దున్నే ఒకామె మా ఇంటికి చేపల తట్ట తెచ్చేది. తట్ట దించి, అరుగుమీద కూచుని, అమ్మ ఇచ్చిన చెంబెడు నీళ్లు తాగితేగాని బేరం మొదలయ్యేది కాదు. ఒక ఏడు ఆమె చేతిమీద పాలిపోయిన మచ్చ కనిపించింది. పెద్దరోగం అన్నారు ఊళ్లోవాళ్లు. ఆ రోజునుంచి చెంబు లోపలికి పోయింది. గడపకు దూరంగా కొబ్బరిచిప్ప పెట్టి, అమ్మ అందులో నీళ్లు పోసేది. ఆమె కోప్పడలేదు. "పోన్లే తల్లీ, పిల్లలున్న ఇల్లు" అంది, అంతే.

మా అమ్మ కఠినురాలా? కానే కాదు. పిల్లల్ని కాపాడుకోవాలన్న ఆమె ధర్మంలో తప్పు లేదు. తప్పల్లా ఆమెకు తెలిసిన విషయంలో ఉంది. ముట్టుకుంటే, చెంబు అందిస్తే ఆ రోగం అంటుకుంటుందని ఆమె నమ్మకం. నిజమేమిటంటే, కుష్ఠు శాపమూ కాదు, పాపఫలమూ కాదు. నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే దానికి కారణమైన సూక్ష్మజీవిని చూశాడు. నూటికి తొంభై అయిదుగురికి దాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. మూడు మందులు కలిపి వాడే చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసింది. మందు మొదలుపెట్టిన కొద్దిరోజులకే ఆ మనిషివల్ల ఇంకొకరికి సోకే భయం పోతుంది.

ఇంతవరకూ తెలియక చేసిన తప్పు. తరవాతది వినండి. ఆమె మందులన్నీ మింగి, నయమై, మళ్లీ తట్ట ఎత్తుకుంది. భయం లేదని డాక్టరుగారు మా వీధిలోనే చెప్పి వెళ్లారు. అమ్మ విన్నది, నేనూ విన్నాను. అయినా కొబ్బరిచిప్ప మాత్రం అక్కణ్ణించి కదల్లేదు. ఇక దాన్ని అజ్ఞానం అనలేం కదా? తెలుసుకున్న మాట మన చేతుల్లోకి రాకపోతే ఆ తప్పు మనదే.

చట్టమూ ఆలస్యంగానే మేలుకుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో, నయంకాని తీవ్రమైన కుష్ఠు ఉంటే విడాకులు కోరవచ్చని రాశారు. అది నయమయ్యే రోగమని తేలిపోయాక కూడా ఆ మాట ఎన్నో ఏళ్లు అలాగే ఉండిపోయి, 2019లో గాని తొలగలేదు.

అలాగని వివరాలు తెలిస్తే చాలా? చాలదు. ఎంత సైన్సు చదివినా, ఎదుటి మనిషి దాహం మనకు దాహంగా కనపడకపోతే చెంబు బయటికి రాదు. అయితే, మనసు మంచిదైనంత మాత్రాన సరిపోదనీ మా అమ్మే రుజువు. పప్పూ ఉప్పూ రెండూ పడితేనే కదా కూర!

మీ ఇంట్లో పనిచేసే మనిషికి స్పర్శలేని మచ్చ కనిపిస్తే పని మానిపించకండి. వెంటబెట్టుకుని సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్లండి. మందులు ఉచితం. ఎవరినైనా దూరం పెట్టబోయే ముందు మనల్ని మనం రెండు ప్రశ్నలు అడుగుదాం: నేను కాపాడాలనుకుంటున్నది ఏమిటి? నేను నమ్ముతున్నది నిజమేనా?

ఆమె ఇప్పుడు లేదు. ఆ చెంబు మా వంటింట్లో ఇంకా ఉంది. తోమినప్పుడల్లా నాకు ఆమే గుర్తొస్తుంది.

సెలవు.