బడి కమిటీలో నా పని



ఇన్నేండ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన. ఇప్పుడు బడి కమిటీ ఎందుకని అడుగుతున్నరు. చెప్తా వినండి.

మన గద్వాల దిక్కు సీడ్ పత్తి క్రాసింగ్ మొదలైతే బడిలో ఆడపిల్లలు తగ్గుతరు. సాయంత్రం మొగ్గ గిల్లాలె. పొద్దున పుప్పొడి రుద్దాలె. ఇంక బడికి పోయేదెప్పుడు? కూలి పైసలు ఇంటికి అవసరమే, కాదనను. కానీ పాఠాలు పోయిన పిల్ల సిగ్గుపడి మళ్లీ బడికి రాదు. ఆ పిల్లను వెనక్కి తేవడమే నా మొదటి పని.

2009 చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడికి వచ్చిన పైసల ఖర్చు చూసేది కూడా కమిటీయే. వెనుక వేలిముద్ర వేసి వచ్చేటోళ్లం. ఇప్పుడు మీకు చదవవస్తది. తీర్మానం చదివినంకనే సంతకం పెట్టండి.

మీ వాడలో ఏ పిల్ల ఏ చేనుకు పోతదో మీకే ఎరుక. పేర్లు మీరే రాసి తెండి.