పిల్లల కండ్లు – పెద్దల చూపు



చిరాగ్‌పల్లి పక్కనే పెద్ద రోడ్డు ఉంది. ముంబై దిక్కు పోయే లారీలు రాత్రీపగలూ నడుస్తాయి. దుమ్ము లేస్తుంది. పిల్లలు మట్టి చేతులతోనే కండ్లు నలుపుకుంటారు. "నలపకు బిడ్డా" అంటే వినరు. అమ్మ చేను నుంచి వచ్చి సబ్బుతో చేతులు కడుక్కుంటే, బిడ్డ కూడా వచ్చి పక్కన నిలబడుతుంది. పిల్లలు మాట వినేదానికన్నా పని చూసి నేర్చుకునేదే ఎక్కువ.

ఒక ఇంటి సంగతి అనుకుందాం. పాప నాలుగో తరగతి. నల్లబల్ల మీద రాసింది చూసి రాయదు. పక్క పిల్ల పలక చూసి రాస్తుంది. "దీనికి చదువు అబ్బదు, పనికి తోలుకపోదాం" అన్నాడు నాయన. నాయనమ్మ మాత్రం కనిపెట్టింది. పాప బియ్యంలో రాళ్లు బాగానే ఏరుతుంది. దూరంగా వచ్చే మనిషిని మాత్రం గుర్తుపట్టదు. "పిల్లకు తెలివి తక్కువ కాదురా, చూపు తక్కువ" అన్నది.

దవాఖానలో చూపించారు. అద్దాలు వచ్చాయి. "ఆడపిల్లకు అద్దాలుంటే పెండ్లి ఎట్ల?" అని అమ్మ వాటిని పెట్టెలో దాచింది. అదే పెట్టెలో నాయనమ్మ అద్దాలు కూడా ఉన్నాయి. 2018 ఆగస్టు 15న మొదలైన కంటివెలుగులో ఇచ్చినవి. సిగ్గుపడి ఆమె పెట్టుకోలేదు. ఆ రోజు రెండు జతలూ బయటికి తీసింది. "నేను పెట్టుకోకుంటే అది ఎట్ల పెట్టుకుంటది?" అన్నది. పాప చదువు నిలబడింది.

పెద్దలు గుర్తుంచుకోవలసినవి ఇవి:

పిల్లవాడి ఒక కన్ను మూసి, రెండో కంటితో దూరం చూడమనండి. తర్వాత రెండోది మూయండి. తేడా ఉంటే వెంటనే చూపించండి. ఒక కంటికి చూపు తగ్గితే మెదడు ఆ కంటిని వాడుకోవడం మానేస్తుంది. 7, 8 ఏళ్లు దాటితే బాగుచేయడం కష్టం.

విటమిన్ 'ఏ' మందు 9వ నెలలో మొదలుపెట్టాలి. 5 ఏళ్లు వచ్చేదాకా 6 నెలలకోసారి తాగించాలి. మొత్తం 9 సార్లు. మునగాకు, తోటకూర, పొన్నగంటికూర కొంచెం నూనెతో వండి పెట్టాలి. పెద్దలు తింటేనే పిల్లలు తింటారు.

చేతిలో ఫోను పెట్టి అన్నం తినిపించకండి. రోజుకు 2 గంటలు బయట వెలుతురులో ఆడుకోనివ్వండి. దూరం సరిగా కనబడని లోపం వచ్చే అవకాశం తగ్గుతుంది. చిర్రగోనె ఆడేటప్పుడు ఒక పెద్దమనిషి కన్నేసి ఉండాలి.

కంట్లో సున్నం పడితే వెంటనే మంచినీళ్లతో చాలాసేపు కడగాలి. తర్వాత దవాఖానకు పోవాలి. ఆకు పసరు పోయరాదు.

బడిలో, అంగన్‌వాడీలో డాక్టర్లు పిల్లలను పరీక్షించే రోజు ఎప్పుడో అడిగి తెలుసుకోండి. ఆ రోజు పిల్లలను పనికి తోలకండి.

ఈ రాత్రి ఇంటికి పోయి మీ పెట్టె తెరిచి చూడండి. అందులో ఎవరి అద్దాలున్నాయి?