మ్యాలో ఊరి పాట మన బడికి ఎలా వచ్చింది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1985 పదో తరగతి బ్యాచ్ వాణ్ని. వృత్తి ఇంజనీరింగ్. ఇవాళ మాత్రం ఒక పాట గురించి మాట్లాడతాను. మన సంగీతం టీచరుగారు హార్మోనియం ముందు పెట్టుకుని 'వందే మీనాక్షి' నేర్పేవారు, గుర్తుందా? "ఇది నొట్టుస్వరంరా, తెల్లవాళ్ల బ్యాండు మెట్టు" అని నవ్వేవారు. గమకాలు లేకుండా గబగబా సాగే ఆ పాటను మేం డ్రిల్లు పీరియడులో కూడా పాడుకునేవాళ్లం.

మూడేళ్ల క్రితం ఉద్యోగం పని మీద ఐర్లండులోని కార్క్ నగరంలో కొన్ని నెలలు ఉన్నాను. ఒక సాయంత్రం భోజనానికి వెళ్లినచోట నలుగురు కూర్చుని ఫిడేళ్లు వాయిస్తున్నారు. ఒక మెట్టు మొదలుకాగానే చెయ్యి కడిగినవాణ్ని కడిగినట్టే నిలబడిపోయాను. స గ స గ... ఆ తర్వాత ని రి ని రి... మన టీచరుగారి పాటే! ఏమిటిదని అడిగితే, "రేక్స్ ఆఫ్ మ్యాలో. ఆ ఊరు ఇక్కడికి దగ్గరే" అన్నారు.

మా వృత్తిలో పాత యంత్రం డ్రాయింగు కావాలంటే కొత్త ప్రతి నుంచి ఒక్కొక్కటిగా వెనక్కి వెళతాం. ఈ పాటకూ అదే చేశాను. 1952లో జాన్ ఫోర్డ్ తీసిన 'ది క్వయట్ మ్యాన్' సినిమాలో ఇది వినిపిస్తుంది. 1940ల చివర అమెరికన్ స్వరకర్త లీరాయ్ ఆండర్సన్ తన 'ఐరిష్ సూట్'లో దీన్ని వాద్యబృందానికి రాశాడు. 1899 క్రిస్మస్ మర్నాడు ఇంగ్లండులోని హెడింగ్టన్‌లో మోరిస్ నృత్యం చూసిన సెసిల్ షార్ప్, ఆ నృత్యానికి వాయించిన విలియం కింబర్‌ను పిలిపించుకుని కొన్ని మెట్లు రాసుకున్నాడు. వాటిలో ఇదీ ఉంది, కాకపోతే 'రిగ్స్ ఆఫ్ మార్లో' అనే పేరుతో. ఇంకా వెనక్కి వెళితే 1740ల నాటి బర్క్ థూమొత్ పుస్తకం. లండన్‌లో అచ్చయిన మెట్ల సంపుటం అది.

ఏ రెండు ప్రతులూ పొల్లుపోకుండా కలవవు. ఒకరు ఒక స్వరం కలుపుతారు, ఇంకొకరు తీసేస్తారు. అయినా ఆ మొదటి స గ స గ దాన్ని ఎక్కడున్నా పట్టిచ్చేస్తుంది. అక్కడి ఫిడేలువాళ్లు కూడా మనలాగే స్వరాలను అక్షరాలతో రాసుకుంటారు. మన స గ స గ వాళ్లకు జి బి జి బి. అందుకే పోల్చి చూడటం సులువైంది.

మ్యాలో 18వ శతాబ్దంలో గోరువెచ్చని నీటి ఊటలకు పేరుపడ్డ ఊరు. స్నానాల పేరుతో చేరిన షోకిలా కుర్రాళ్లు తాగి, కిటికీలు పగలగొట్టి, అప్పులవాళ్లను తన్ని తిరగడమే ఈ మెట్టుకు కట్టిన ఐరిష్ పాటలోని కథ. ఈ మెట్టు కంపెనీ కాలంలో మద్రాసు చేరింది. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) మణలిలో ఉన్న రోజుల్లో సెయింట్ జార్జి కోట బ్యాండు విన్నారంటారు. ఆ తాగుబోతు కుర్రాళ్ల మెట్టు మీద ఆయన మీనాక్షి అమ్మవారి స్తుతి కట్టారు. మచిలీపట్నంలో పనిచేసిన సి.పి. బ్రౌన్ సేకరించిన రాతప్రతుల్లో దీక్షితుల నొట్టుస్వరాల ప్రతి ఒకటుంది. సుబ్బరామ దీక్షితులు 1905లో తెలుగులో అచ్చువేసిన 'ప్రథమాభ్యాస పుస్తకము'లో నొట్టుస్వరాలను స్వరాలతో సహా ఇచ్చారు. మన టీచరుగారి దాకా వచ్చిన దారి బహుశా అదే.

ఇంత దూరం వెతికాక నా గొలుసులో ఒక్క లంకె తెగి ఉంది. చివరి చరణంలో టీచరుగారు ఒక స్వరం మీద ఆగి, మావంక ఒకసారి చూసి, మళ్లీ ఎత్తుకునేవారు. నేను చూసిన ఏ ప్రతిలోనూ ఆ ఆగడం లేదు. 1984 వార్షికోత్సవంలో ఆవిడ మాచేత ఆ పాట పాడించినప్పుడు మా నాన్నగారి టేప్‌రికార్డరులో నేనే రికార్డు చేశాను. తర్వాత హాస్టల్లో కొత్త క్యాసెట్టు కొనడానికి డబ్బుల్లేక దానిమీదే సినిమా పాటలు ఎక్కించుకున్నాను. టీచరుగారు ఇప్పుడు లేరు. 1740ల నాటి ప్రతి ఇవాళ్టికీ దొరుకుతోంది. 1984 ప్రతి లేదు. దాన్ని చెరిపింది నేనే.

కింబర్ ఒక్కడు వాయించి, షార్ప్ ఒక్కడు రాసుకోబట్టి ఆ మెట్లు మిగిలాయి. దానికి పెద్ద నిధులేమీ అక్కర్లేకపోయింది. అందుకని నాదొక మనవి. మీ అటకల మీద బడి వార్షికోత్సవాల క్యాసెట్లు ఏవైనా ఉంటే పారెయ్యకండి, నాకివ్వండి. ఆడినంతవరకు ఆడించి కాపీ తీసే పూచీ నాది. మన డ్రిల్లు మాస్టారు, లెక్కల మాస్టారు ఈ సభలోనే ఉన్నారు. భోజనాలయ్యాక ఎనిమిదో తరగతి గదిలో కూర్చుందాం. వాళ్లచేత నాలుగు మాటలు చెప్పించి రికార్డు చేద్దాం. టీచరుగారి పాట గుర్తున్న అక్కయ్యలు, చెల్లెళ్లు, తమ్ముళ్లు వచ్చి పాడండి. శ్రుతి తప్పినా పరవాలేదు. ఆవిడ ఎక్కడ ఆగేవారో మీలో ఒక్కరికైనా గుర్తుండకపోదు.