మంచు ఆరువరకు బడి



ఈ సాయంకాలము తమకు నేను విన్నవింపదలచినది రాజ్యవిషయము గాదు, శాస్త్రచర్చయు గాదు. ఒక చిన్న పల్లెబడి, ఆ బడిలో శరత్కాలము గడచు తీరు, ఆ కాలమున నేను చేసిన యొక పొరపాటు, దాని వలన నేర్చుకొనిన పాఠము. ఇంతియే. ముప్పదియేండ్లకు మించి పిల్లలకు విభక్తులు చెప్పినవాడను గనుక నా మాటలయందు బడివాసన యుండుట సహజము. మన్నింప ప్రార్థన.

నేను బాల్యమున గురుముఖమున అమరము, శబ్దమంజరి, బాలవ్యాకరణము చదివి, పిమ్మట ప్రాచ్యకళాశాలలో పట్టము పొంది, 1984వ సంవత్సరమున పల్నాటిసీమలో నొక లూథరన్ ప్రాథమికోన్నత పాఠశాలయందు తెలుగు పండితుడుగా చేరితిని. ఆ సీమ నాడు గుంటూరు జిల్లాలోనిది. 2022 నుండి పల్నాడు జిల్లా యనబడుచున్నది. బడికి నాలుగు గదులు, ఒక వసారా, పెంకుల కప్పు. ముంగిట వేపచెట్టు. దాని కొమ్మకు వ్రేలాడు రైలుపట్టా ముక్కయే మా గంట. ఊరికిని పేటకును నడుమ నున్న బడి యగుటచే రెండు దిక్కులనుండియు పిల్లలు వచ్చెడివారు. చేరిన తొలిదినమున ఆ బడి కుండలోని నీరు త్రాగుటకు నేను సంకోచించితిని. ఈ మాట తమయొద్ద దాచను. ప్రధానోపాధ్యాయులు అది గమనించియు నేమియు ననలేదు. మరునాడు నా దాహమే నాకు బుద్ధి చెప్పినది.

లూథరన్ బడి యననేమి యని కొందరడుగవచ్చును. మార్టిన్ లూథరు 1483వ సంవత్సరమున జర్మనీ దేశమున జన్మించినవాడు. గ్రంథమును గురువు చదువగా వినుట చాలదనియు, ప్రతివాడును తన భాషలో తానే చదువుకొనవలె ననియు నాతని పట్టుదల. అందుచేతనే 1522లో క్రొత్తనిబంధనను, 1534 నాటికి బైబిలు నంతటిని తన ప్రజల భాషలోనికి తెచ్చెను. తానే చదువుకొనవలె నన్నచో చదువు రావలెను గదా! కావున ఆ మతమువారు గుడి కట్టినచోట బడియు పెట్టుట యలవాటైనది. తెలుగులో అచ్చుపడిన తొలి పుస్తకములలో కొన్ని 1746లో జర్మనీలోని హాలె పట్టణమున వెలువడినవి. వానిని సిద్ధపరచినవాడు బెంజమిన్ షుల్జ్ అను లూథరన్ మిషనరీ. 1842వ సంవత్సరము జూలై 31వ తేదీన హయ్యరు దొర గుంటూరు చేరి, కొలదికాలముననే బడులు నెలకొల్పెను. 1849 నాటికి పల్నాట గురజాల కేగెను. మా చిన్నబడి ఆ పెద్దచెట్టునకు చివరనున్న యొక రెమ్మ.

ఇక శరత్కాలము. కావ్యములలో శరత్తు వర్ణింపబడినపుడు ఆకసము నిర్మలము, నీరు నిర్మలము, వెన్నెల నిర్మలము. మా పల్నాట రేగడినేల యొక్కటి మాత్రము నిర్మలము గాదు. ఆశ్వయుజమున వాన పడినదా, పిల్లల పాదములతో సగము పొలము బడిలోనికి వచ్చును. ప్రొద్దుటి మొదటి పని వసారా కడుగుట. తూర్పుగాలి మారి నల్లమబ్బు పట్టినచో పెద్దలు బడికి వచ్చి పిల్లలను తీసికొనిపోవుదురు. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ యుప్పెనను తలచుకొని మా ప్రధానోపాధ్యాయులు వారికెన్నడును అడ్డుచెప్పలేదు.

దసరా సెలవులకు ముందు త్రైమాసిక పరీక్షలు ముగియును. పూర్వము బడిపిల్లలు విల్లంబులు పట్టుకొని పాటలు పాడుచు ఇంటింటికి తిరుగుటయు, గృహస్థులు పప్పుబెల్లములు పంచి అయ్యవారికి సంభావన లిచ్చుటయు తమరెరిగినదే. ఆ ముచ్చట నేను తరగతిలో చెప్పుచుండగా ప్రధానోపాధ్యాయులు గుమ్మమున నిలిచి విని, నవ్వి, “లూథరుగారును పిల్లవాడుగా నున్నప్పుడు తోడిపిల్లలతో వీధులవెంట పాడుచు రొట్టె యడుగుకొని చదువుకొన్నవారే” యనిరి. పిల్లలకంటె నాకే యెక్కువ వింతయైనది. చదువుకొను పిల్లవానికి ఊరు పిడికెడు పెట్టుట యన్ని దేశములయందును గల ధర్మమని నాడు తెలిసికొంటిని.

సెలవులు ముగిసి బడి తెరచిన పిదప మా దినచర్య యిట్లుండెడిది. ప్రొద్దున గంట, ప్రార్థనకీర్తన. ఆ కీర్తనలు మన రాగతాళములలో నుండుటచే, స్వరము తప్పినచో నా చెవి సహింపదు గనుక, పాట నేర్పు పనియు నాపై బడినది. పిమ్మట క్రైస్తవబాలురకు ఒక గదిలో ప్రశ్నోత్తరి, తక్కినవారికి వేరొక గదిలో నీతికథలు. ఆ తరువాత లెక్కలు, తెలుగు, భూగోళము. మధ్యాహ్నము దాటిన పిదప బడితోట పని. గోంగూర, తోటకూర మడులకు పెద్దపిల్లలు నీరు మోయుదురు. చిన్నపిల్లలు రాలిన ఆకులు, విత్తులు ఏరి తెచ్చి, వాని పేర్లు పలకలమీద వ్రాయుదురు. అక్టోబరు 31వ తేదీన, 1517లో లూథరు తన తొంబదియైదు వాదములను ప్రకటించిన కథ ప్రధానోపాధ్యాయులు చెప్పుదురు. కార్తికము చివర కోతపండుగ. ఎవరి చేలో పండినది వారు తెత్తురు: సోలెడు జొన్నలు, గుమ్మడికాయ, కందికట్ట. ప్రార్థన యైన పిమ్మట వానిని వేలము వేసి, వచ్చిన సొమ్ములో కొంత బడిపలకలకు కేటాయించెడివారు.

ఇది బడి వైపునుండి చూచిన శరత్తు. చేను వైపునుండి చూచిన శరత్తు వేరు. నేను బడిలో చేరిన మూడవ శరత్తున ఆ సంగతి నాకు బోధపడినది.

పల్నాట ఆ దినములలోనే పత్తికాయ పగులును. దసరా వెళ్లి బడి తెరచునప్పటికి నా ఆరవతరగతి పట్టికలో ముప్పదియొక్క పేర్లుండగా పదునాల్గురే పలికిరి. రానివారిలో ఒక బాలిక కలదు. ఆమె పేరు చెప్పను. పద్యము నొక్కమారు విన్నచో మరునాటికి తప్పులేక యొప్పగించెడిది. మూడువారములు గడచిన పిదప ఒకదినమున వచ్చి వెనుకబల్లమీద కూర్చుండెను. నేను తృతీయావిభక్తి యడిగితిని. చెప్పలేకపోయెను. మరల నడిగితిని. తల వంచుకొనెను. నాకు కోపము వచ్చెను. “పొలమే ముద్దైనచో ఇక్కడి కేల వచ్చితివి?” అని పదిమంది యెదుట ననుటయే గాక, మధ్యాహ్నము వరకు వసారాలో నిలువబెట్టితిని. ఆ పిల్ల యేడువలేదు. మరునాటినుండి రాలేదు.

అయిదు దినములైనది. ఆరవనాటి సాయంకాలము ప్రధానోపాధ్యాయులు “పండితులవారూ, అటు నడచివత్తము రండు” అని నన్ను చేలవైపునకు తీసికొనిపోయిరి. ఆ బాలిక నడుమునకు ఒడి కట్టుకొని పత్తి తీయుచున్నది. నన్ను చూచి చేతులు వెనుకకు దాచుకొనెను. దాచుకొనుటచేతనే నేను చూచితిని. పగిలిన కాయల తొక్కల మొనలు గీచికొని వ్రేళ్ల కొనలు చీరుకొనిపోయి యున్నవి. ఆ చేతులతో నామె బలపము పట్టి బడికి వచ్చినది. ఆ వ్రేళ్లు చూడక నేను విభక్తి యడిగితిని.

గట్టుమీద నున్న యామె తాత లేచి దండము పెట్టి, “పంతులుగారూ! మీరు హాజరుపట్టీ చూస్తున్నారు. మేము అప్పుపట్టీ చూస్తున్నాము” అనెను. విత్తులకు, పురుగుమందులకు చేసిన యప్పు ఆ తొలితీత దూదితోనే కట్టవలెను. కూలికి మనుష్యులను పెట్టు శక్తి లేదు. నేనేమి చెప్పగలను? చదువు వలన వినయము, వినయము వలన పాత్రత యని తరగతిలో చెప్పెడివాడను. ఆ గట్టుమీద నాకు వినయమొక్కటే మిగిలినది. ఆ పిల్లను పిలిచి, “అమ్మా, నేనట్లనకుండవలసినది” అంటిని. పెద్దవారెవరు నట్లు చెప్పగా నామె వినియుండదు కాబోలు, తాతవంక చూచెను.

తిరిగివచ్చునపుడు ప్రధానోపాధ్యాయులు నాకొక సంగతి చెప్పిరి. 1524లో లూథరు జర్మనీ పట్టణముల పెద్దలకు బడులు పెట్టుడని వ్రాసిన లేఖలో, పనిపాటల పిల్లలను దినమునకు ఒకటిరెండు గంటలైనను బడికి పంపుడని, బాలికలకును ఒక గంటసేపు చదువు చెప్పింపుడని కోరెనట. సంపాదన కొరకు పిల్లలను బడి మాన్పించువారిని గూర్చి 1530లో ప్రత్యేకముగా నొక ప్రసంగమే వ్రాసెనట. “నాలుగువందలయేండ్లు దాటినను తగవు మారలేదు, పండితులవారూ” అనిరి.

ఆ రాత్రి ఊరిపెద్దలతో కూర్చుంటిమి. అప్పుడు వారిలో నొక ముసలి రైతు చెప్పిన మాట మాకు దారి చూపినది. మంచు ఆరినగాని పత్తి తీయరాదు. తడిసిన దూది రంగు మారును, నిలువయుంచిన చెడును, తూకమున వర్తకుడు తరుగు తీయును. కావున తెల్లవారినది మొదలు తొమ్మిదిగంటల వరకు పిల్లల చేతులు చేనికి అక్కరలేదు. “ఆ వేళ మీకిత్తుము” అనిరి. బడికర్తగారి యనుమతి పొంది, మూడువారములపాటు ప్రొద్దున ఆరున్నరకే గంట కొట్టితిమి. ఊరు దానికి మంచుబడి యని పేరు పెట్టెను. దుప్పట్లు కప్పుకొని, నోట ఆవిరి వదలుచు పిల్లలు వచ్చెడివారు. వ్రాతపని తగ్గించి చదువుట, వల్లెవేయుట హెచ్చించితిమి. వ్రేళ్లకు రాచుకొనుటకు గిన్నెతో కొబ్బరినూనె నా బల్లమీద నుంచితిని. ముప్పదియొక్కరిలో ఇరువదియెనమండ్రు వచ్చిరి. ఆ బాలికయు వచ్చెను.

కోతపండుగనాటి రాత్రి పిల్లలు తమ యింటి పెద్దల యెదుట ఏదైన నొకటి చదివి వినిపింపవలెనని యేర్పాటు చేసితిమి. కొందరు బైబిలునుండి, కొందరు పాఠ్యపుస్తకమునుండి చదివిరి. ఆమె వంతు వచ్చినపుడు తాత లేచి, రొంటినుండి మడతకాగిత మొకటి తీసి, “ఇది చదువమ్మా” అనెను. అది అప్పు లెక్క. ఆమె లాంతరుక్రింద పట్టుకొని మెల్లగా పంక్తి పంక్తియు చదివి, “తాతా, వేసవిలో నువ్విచ్చిన డబ్బు ఇందులో లేదు” అనెను. సభ నిశ్శబ్దమాయెను. మరునాడు ఊరిపెద్దలిద్దరు వెంటరాగా తాత పోయి ఆ జమ వ్రాయించుకొని వచ్చెను. అంతమాత్రమున అప్పు తీరలేదు. కాని ఆ పిల్ల యేడవతరగతి పరీక్ష వ్రాయువరకు బడి మానలేదు. తానే చదువుకొనవలె నన్న మాటకు అర్థము నేను గ్రంథములలో గాక ఆ లాంతరు వెలుగున తెలిసికొంటిని.

ఇంతటితో ముగించినచో కథ అందముగా నుండును. సత్యము మాత్రము సగమే యగును. రాని ముగ్గురిలో ఒక బాలుడు మరల నెన్నడును రాలేదు. “రేపు పోయి పిలుతము” అని నేను వాయిదాలు వేయుచుండగా ఆ కుటుంబము కూలికై వేరొక సీమకు తరలిపోయినది. పట్టికలో నాతని పేరెదుట నేను గీచిన యెఱ్ఱగీత నాకు నేటికిని కనబడుచునే యున్నది. మంచుబడియు సరియైన ధర్మమని నేననను. ప్రొద్దున చదివి పగలంతయు పత్తి తీయు పిల్ల, పిల్లగా నుండు వేళ యేది? నాడు మా చేతనైనది అది.

నేడు చట్టము మనకంటె ముందున్నది. ఆరేండ్లు మొదలు పదునాలుగేండ్ల వరకు గల పిల్లలకు చదువు హక్కని 2009లో శాసనమై, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. పదునాలుగేండ్లలోపు వారిని పనిలో పెట్టుట 2016 సవరణతో నిషేధింపబడినది. బడివేళ గడచిన పిదప ఇంటివారికి సాయపడుట విడువబడినది. అయినను పత్తిచేలు చట్టము చదువలేవు. చదివి చెప్పవలసినవారు తమరే.

కావున పెద్దలారా, నా విన్నప మింతే. ఆశ్వయుజమున బడి తెరచిన వారములో తమలో నొక్కరు బడికి పోయి, పట్టికలో నెన్ని పేర్లున్నవి, నేడెందరు పలికిరి యని యడుగుడు. రాని పిల్ల యింటికి ఉపాధ్యాయునితోకూడ పోవుడు. దూది నేడు కాకున్న రేపు తీయవచ్చును. పట్టికలో నెఱ్ఱగీత పడిన పేరును తిరిగి తెచ్చుట కష్టము. ఉపాధ్యాయులకు చెప్పవలసినదియు నొకటి కలదు: పాఠ మడుగుటకు ముందు పిల్లవాని చేతులు చూడుడు.