తీసిన మూలుగలో మిగిలిన రోగము



పంచాంగ శ్రవణము ముగిసీ ముగియకముందే రోగాల మాట ఎత్తుతున్నందుకు పెద్దలు మమ్మల్ని మన్నించాలి. మన సోలాపురము నుండి బొంబాయి పరేలుకు కేన్సరు చికిత్సకై వెళ్ళివచ్చే కుటుంబాలు మనలో ఉన్నాయి. వారు అడిగే ప్రశ్న ఒకటి మా మనస్సులో నాటుకున్నది: “మా వాడి మూలుగే తీసి, దాచి, మళ్ళీ వాడికే ఎక్కిస్తారట. మరి అందులో రోగము ఉండదా?” ఇది తెలియనితనముతో అడిగిన ప్రశ్న కాదు. పెద్ద పెద్ద వైద్యులు ఏళ్ళ తరబడి తర్కించిన ప్రశ్నే ఇది.

లింఫోమా అనేది తెల్ల కణములలో ఒక జాతికి పట్టే కేన్సరు. మెడలోనో చంకలోనో గజ్జలోనో బిళ్ళ కడుతుంది. తరచు నొప్పి ఉండదు గనుక మనవారు లెక్కచేయరు. మందులకు లొంగిన రోగము తిరగబెట్టినప్పుడు కొందరికి మందును ఎన్నో రెట్లు పెంచి ఇస్తారు. ఆ మోతాదుకు రోగముతోపాటు ఎముకలలోని మూలుగ కూడా మాడిపోతుంది. మూలుగ లేనిదే రక్తము పుట్టదు గదా! అందుచేత ముందుగానే తుంటి ఎముక నుండి సుమారు లీటరు మూలుగ తోడి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజనులో దాచి, పెద్ద మోతాదు ముగిశాక రక్తనాళము గుండా తిరిగి ఎక్కిస్తారు. అందులోని మూలకణములు తమంతట తామే ఎముకలకు చేరి రక్తము తయారుచేయడము మొదలుపెడతాయి.

చిక్కంతా ఎక్కడంటే, లింఫోమా మూలుగలోకి కూడా పాకే రోగము. రోగకణములు నూటికి ఒకటో రెండో ఉంటే సూక్ష్మదర్శినికి ఆనవు. కనబడలేదంటే లేదని కాదు.

ఈ చిక్కును విప్పబూనినవారిలో అమెరికాలోని బోస్టన్ నగరమున డేనా-ఫార్బర్ సంస్థకు చెందిన గ్రిబెన్, నాడ్లర్ ప్రభృతులు ముఖ్యులు. ఆ సంస్థను స్థాపించిన సిడ్నీ ఫార్బర్‌కు, రక్త కేన్సరు సోకిన పిల్లలకు ఇవ్వడానికి 1947లో అమినాప్టెరిన్ మందు అందించినది మన భీమవరములో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము. తెలుగువారి సభలో ఈ మాట చెప్పకుండా ముందుకు పోలేము.

ఇక అసలు సంగతి. ఫాలిక్యులర్ లింఫోమా అనే రకములో చాలామంది రోగులకు 18వ క్రోమోసోము ముక్క తెగి 14వ దానికి అతుక్కుని ఉంటుంది. మా రైల్వే భాషలో చెప్పాలంటే, 18వ నెంబరు బండి పెట్టెను 14వ నెంబరు బండికి తగిలించినట్లు. ఆ ఇంజను బలముతో బి.సి.ఎల్.-2 అనే జీను అదుపు లేకుండా పనిచేస్తుంది. కాలము తీరిన కణము కూడా చావదు. కనుక ఆ అతుకును పట్టుకుంటే దొంగ దొరికినట్లే.

పట్టుకునే ఉపాయము పి.సి.ఆర్. పద్ధతి. 1983లో కేరీ ముల్లిస్ కనిపెట్టగా, 1993లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చింది. 2020లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన కరోనా పరీక్షా ఈ జాతిదే. అతుకుకు ఈ వైపున ఒక గురుతు, ఆ వైపున ఒక గురుతు పెట్టి మధ్య భాగమునకు నకళ్ళు తీస్తారు. ఒక్కొక్క విడతకు రెట్టింపు. 30 విడతలకు ఒక్కటి నూరు కోట్లు దాటుతుంది. అతుకు లేకపోతే నకళ్ళు పెరగవు. లక్ష మంచి కణముల నడుమ ఒక్క రోగకణమున్నా ఈ విధముగా బయటపడుతుంది.

బోస్టన్ వారు 1991లో 114 మంది మూలుగలను ఇట్లా పరీక్షించి ఫలితములు ప్రకటించారు. శుద్ధికి ముందు అందరి మూలుగలోనూ రోగకణములు ఉన్నాయి. ఆ కణములను గురిపెట్టే యాంటీబాడీలతో శుద్ధి చేసినమీదట 57 మంది మూలుగలో జాడ కనబడలేదు. తక్కిన 57 మందిలో మిగిలిపోయింది. రోగము తిరగబెట్టినది ఈ రెండవ సగములోనే చాలా ఎక్కువ.

అయితే కడిగినందువల్ల మేలు జరిగిందా, లేక తేలికగా లొంగే రోగమున్నవారి మూలుగే తేలికగా శుద్ధి అయిందా? ఈ సందేహము మాకు సబబుగానే తోచింది. 1993లో మాల్కం బ్రెన్నర్ బృందము వేరొక కేన్సరుకు, అంటే లుకేమియాకు, చికిత్స పొందుతున్న పిల్లల మూలుగకు జీను గురుతు పెట్టి ఎక్కించింది. తిరగబెట్టిన రోగములో ఆ గురుతు కనబడింది! అంటే ఎక్కించిన మూలుగ నుండి కూడా రోగము రాగలదని రుజువైంది. కాని 2003లో ప్రకటించిన ఐరోపా పరిశోధనలో, 89 మంది ఫాలిక్యులర్ లింఫోమా రోగులను చీట్లు వేసినట్లు మూడు జట్లుగా పంచి చూడగా, పెద్ద మోతాదు చికిత్స మామూలు మందుల కంటె మేలని తేలింది గాని, శుద్ధి చేసిన మూలుగకూ చేయనిదానికీ స్పష్టమైన తేడా తేలలేదు. అనుకున్నంతమంది చేరక ఆ పరిశోధన ముందే ఆగిపోయింది; కనుక దానినే తుది తీర్పుగా మేము భావించము. సంచిలోని రోగము ఒక ఎత్తు, శరీరములో మిగిలిన రోగము మరొక ఎత్తు.

గుమాస్తా బుద్ధి గనుక ఒక చిన్న లెక్క చెప్పకుండా ఉండలేము. 50 కిలోల మనిషికి ఎక్కించే మూలుగలో సుమారు వెయ్యి కోట్ల కణములుంటాయి. లక్షకు ఒకటి చొప్పున వేసినా లక్ష రోగకణములు! పరీక్షలో “లేదు” అని వచ్చిన సంచిలో కూడా వేలకొద్దీ దాగి ఉండవచ్చునన్నమాట.

ఇప్పుడు సంచిని కడగడము చాలావరకు మానివేశారు. బి-కణ లింఫోమాకు 1997లో అమెరికాలో అనుమతి పొందిన రిటుక్సిమాబ్ మందును రోగికే ముందుగా ఎక్కించి, శుద్ధి శరీరములోనే జరిపిస్తారు. మూలకణములను కూడా ఎముక నుండి కాక ఎక్కువగా రక్తము నుండే సేకరిస్తున్నారు.

చివరగా మా శాఖకు చెందిన మాట. కేన్సరు చికిత్సకు వెళ్ళే రోగికి స్లీపరులో, మూడవ ఏ.సి.లో పూర్తి రాయితీ, తోడు వెళ్ళేవారికి ముప్పాతిక వంతు రాయితీ ఉన్నది. ఆసుపత్రివారు సంతకము చేసిన ధ్రువపత్రము ఉండాలి. ఆ ఫారము నమూనా మా వద్ద ఉన్నది. కావలసినవారు భోజనములైన తరువాత మమ్మల్ని కలుసుకోవచ్చు.