అయిదవ శీలమూ పొగాకూ
(మాయాబందర్ ఉపాసక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సమావేశ ఆరంభంలో మనమందరం పంచశీలను స్వీకరించాం. అయిదవ శీలంలో సుర ఉంది, మేరయం ఉంది. చుట్ట లేదు, ఖైనీ లేదు. కనుక వాటికి దోషం లేదని వాదించేవారు మనలోనే ఉన్నారు. చరిత్ర బోధకులుగా మేము చెప్పగలిగినది ఇది: బుద్ధుని కాలంలో జంబూద్వీపాన పొగాకు లేనే లేదు. అది అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసు వర్తకంతో మన దేశానికి చేరింది. ఆనాడు లేని వస్తువు పేరును శీలంలో వెదకడం కాదు, శీలం ఉద్దేశాన్ని గ్రహించాలి.

నిజానికి పొగాకు ప్రాణిహింస కూడదన్న మొదటి శీలానికే విరుద్ధం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం దానివల్ల ఏటా 70 లక్షల మందికి పైగా మరణిస్తున్నారు. వారిలో 10 లక్షలకు పైగా తాము పొగ తాగక, ఇతరులు వదిలిన పొగను పీల్చినవారే. మన దేశంలో పొగాకు వ్యాధులు, అకాల మరణాల వల్ల 2017-18లో కలిగిన ఆర్థిక భారం 1,77,341 కోట్ల రూపాయలు.

ఈ లెక్కలు మన ఇళ్లకు దూరమైనవి కావు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి ఎన్నో కుటుంబాలు ఈ దీవులకు వచ్చి స్థిరపడ్డాయి. ఆ తీరాల స్త్రీలలో అడ్డపొగ, అనగా చుట్ట నిప్పుకొసను నోటిలో ఉంచుకొని పీల్చడం, తరతరాల అలవాటు. ఆ వేడికీ పొగకూ అంగిలి తెల్లబడి, పుండుపడి, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుందని వైద్యులు నిర్ధారించారు. ఇక్కడ అటువంటి వ్యాధి వస్తే శ్రీ విజయపురానికో (పూర్వపు పోర్ట్ బ్లెయిర్), సముద్రం దాటి చెన్నైకో పోవలసి వస్తుంది. వల, పడవ అమ్మినా ఆ ఖర్చుకు చాలకపోవచ్చు.

మన తల్లులను నిందించడం మా ఉద్దేశం కాదు. తృష్ణ మనిషిని ఎలా బంధిస్తుందో తథాగతుడు బోధించాడు. నికోటిన్ బంధమూ అటువంటిదే. విడువలేనివారికి కరుణతో తోడు నిలవాలి. అంగిలి పరీక్షకు వారిని ఆసుపత్రికి తీసుకువెళ్దాం. మానదలచినవారికి 1800-11-2356 అనే ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరులో సలహా లభిస్తుంది.

మరొక మాట. విష వ్యాపారం ఉపాసకునికి తగదని అంగుత్తర నికాయం చెబుతున్నది. మన సభ్యుల దుకాణాలలో బీడీలు, ఖైనీ అమ్మడం మానాలి. అందువల్ల వారికి కొంత ఆదాయం పోతుంది. ఆ నష్టాన్ని వారికే వదిలివేయక సంఘమంతా పంచుకోవాలి. వచ్చే వైశాఖ పూర్ణిమలోగా ఈ విషయమై నిర్ణయం తీసుకోవలసిందిగా కోరుతున్నాం.

నమో బుద్ధాయ.