ఓర్పు – పట్టుదల
(త్యాగరాజ ఆరాధన సందర్భమున మన సంఘసభలో చేసిన ప్రసంగము)



"ఓర్పు వలెను" అని పెద్దలు చెప్పగా వినుచునే మనమందరము పెరిగితిమి. కాని ఓర్పనగా ఊరకుండుటయని పలువురు తలంతురు. చేతులు ముడుచుకొని మంచికాలమునకై ఎదురుచూచుట ఓర్పు కాదు. తలుపు మూసియున్నను నేటి పనిని నేడు చేయుటయే ఓర్పని మా నమ్మకము. ఇందుకు బెంగళూరు నాగరత్నమ్మగారి జీవితమే చాలిన నిదర్శనము.

ఆమె 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో దేవదాసి కుటుంబమున జన్మించిరి. చిన్ననాటనే తల్లిని కోల్పోయిరి. అయినను చదువు మానలేదు. కన్నడము, తెలుగు, సంస్కృతము నేర్చి, సంగీతము సాధించి, చెన్నపట్టణమున గొప్ప గాయనిగా పేరు గాంచిరి. ఆ దినములలో ఆమె కులమువారికి సభలో చప్పట్లు దొరికెడివి గాని సంఘములో గౌరవము దొరికెడిది కాదు.

తంజావూరు ఆస్థానమున ముద్దుపళని యను కవయిత్రి 18వ శతాబ్దమున "రాధికాసాంత్వనము" అను కావ్యము వ్రాసెను. అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యములు లోపించినవని గుర్తించి, నాగరత్నమ్మగారు తాళపత్ర ప్రతిని సంపాదించి పరిష్కరించి 1910లో వావిళ్లవారిచే ప్రకటింపజేసిరి. మరుసటి యేడే అది అశ్లీలమను ఆక్షేపణ వచ్చెను. ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆ నిషేధము 1947లో గాని తొలగలేదు. అప్పటికి ఆమె వయస్సు 70కి సమీపించినది. ఇన్నేండ్లును ఆమె ఆ నిషేధమునే తలచి కుములుచు కూర్చుండలేదు. వేరొక మహత్కార్యమున మునిగియుండిరి.

త్యాగరాజస్వామి 1847లో తిరువయ్యారున కావేరీతీరమున సిద్ధి పొందిరి. తమిళదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబమున పుట్టి, ఇంటిభాషలోనే కీర్తనలు రచించిన ఆ మహనీయుడు మనకందరకును ఆప్తబంధువు. అట్టి వారి సమాధి శిథిలావస్థలో నున్నదని నాగరత్నమ్మగారికి గురువుగారి వలన తెలిసెను. ఆమె స్థలము సంపాదించి, తన జీవితకాలపు ఆర్జనను వెచ్చించి, 1921లో పని ఆరంభించిరి. కొన్నేండ్లకు ఆలయ ప్రతిష్ఠ జరిగెను.

ఇచ్చటనే ఆమె ఓర్పునకు అసలు పరీక్ష వచ్చెను. ఆలయము కట్టించినది ఆమెయే అయినను, ఆనాటి ఆరాధనలో స్త్రీలు పాడుటకు వీలులేకుండెను! మనమే అయినచో ఏమి చేసియుందుము? "నా సొమ్ముతో కట్టిన గుడి" యని తాళము వేసియుందుము. లేదా మనసు విరిగి ఇంటికి మరలియుందుము. ఆమె రెండును చేయలేదు. 1927లో స్త్రీలను కూడగట్టి, సమాధికి వెనుక భాగమున వేరుగా ఆరాధన ప్రారంభించిరి. ఏటేట పాడుచునే యుండిరి. 1941 నాటికి కక్షలన్నియు ఏకమై, స్త్రీపురుషులు ఒకే ఆరాధనలో పాల్గొను రోజు వచ్చెను. నడుమ గడచినవి సుమారు 14 సంవత్సరములు.

ఆ 14 యేండ్లలో ఆమెకు కోపము రాలేదని మేమనము. కోపము వచ్చుట సహజము. దానిని పాటగాను, పూజగాను, పనిగాను మార్చుకొనుటయే సాధన. ఇతరుల మనస్సు మారుటకు పట్టిన కాలములో ఆమె మనస్సు మరింత పండెను. ఆధ్యాత్మికోన్నతి యనగా ఇంతకు మించి వేరొకటి యున్నదా?

ఇక మన యింటి మాట. మన సంఘము నడుపు ఆదివారపు తెలుగు తరగతి ఉగాదినాడు 22 మంది పిల్లలతో ఆరంభమై, దసరా నాటికి ఆరుగురితో మిగిలినది. "మార్కులు రాని చదువు మా పిల్లలకేల?" అని ఒక తల్లి అడిగినప్పుడు మేము జవాబు చెప్పలేకపోతిమి. తరగతి మూసివేయుదమని కూడ అనుకొంటిమి. దాచుట యెందుకు, మాకే ఓర్పు చాలలేదు.

అప్పుడొక చిన్న సంగతి జరిగినది. ఒత్తులు నేర్చుటకే నాలుగు నెలలు పట్టిన ఒక బాలిక, అమ్మమ్మ పెట్టెలో దాచుకొన్న పాత పెండ్లి శుభలేఖను కూడబలుకుకొని చదివినదట. అందులో తన ముత్తాత పేరు, తమవారు విడిచివచ్చిన ఊరి పేరు ఉన్నవి. ఆ ముసలితల్లి మనుమరాలిచేత ఆ లేఖను మూడుమారులు చదివించుకొన్నదట. ఆనాడు ఆ తల్లి ప్రశ్నకు మాకు జవాబు దొరికినది. తరగతి మూయలేదు, మూయము.

సోదరులారా, మేము మిమ్ము ధనమడుగుట లేదు. వారమునకొక గంట అడుగుచున్నాము. ఆ గంట మీ పిల్లలను తరగతికి పంపుడు. మీకు వీలున్నచో మీరును వచ్చి ప్రక్కన కూర్చుండుడు. మధ్యలో నాలుగు వారములు తప్పినచో సిగ్గుపడి మానవలదు. అయిదవ వారము రండు. గింజ నాటిననాడే చెట్టు కాయదు. నీరు పోయుట మానిన చెట్టు ఎన్నటికిని కాయదు.

నాగరత్నమ్మగారు 1952లో కన్నుమూసిరి. ఆమె సమాధి తిరువయ్యారుననే, త్యాగరాజస్వామి సన్నిధికి ఎదురుగా నున్నది. ఒకనాడు వెనుక భాగమున నిలిచి పాడిన ఆమెకు చివరకు ఎదుటనే చోటు దొరికినది. మన పిల్లల నోట మన భాషకు కూడ అట్టి చోటు దొరకుగాక! వచ్చు ఆదివారము తరగతిలో కలిసికొందము.